గోడకు వేలాడిన లారీ అద్దం

ఎలీయాజరు లారీకి పక్క అద్దం ఉండేది కాదు. ఉండవలసిన అద్దం ఖిదిర్‌పూర్‌లో అతని ఇంటి గోడకు మేకు మీద వేలాడుతుండేది. ఓడల డాకు గేటు నుంచి గోదాముల దాకా ఉన్న సందుల్లో అద్దం బయటికి పెట్టుకుని తిరిగితే సాయంత్రానికి పిడి మాత్రమే మిగులుతుంది. అందుకే పదహారేళ్ళ కిందట, లారీ చేతికొచ్చిన వారంలోనే దాన్ని విప్పి ఇంటికి తెచ్చాడు. ఆదివారం చర్చికి వెళ్ళేముందు భార్య తబితా అందులో చూసుకునే తల దువ్వుకునేది.

అద్దం చేయవలసిన పని గవరయ్య చేసేవాడు. అతను ఆ లారీ కలాసీ; సోంపేట వైపు మనిషి, ఎలీయాజరు కంటే పన్నెండేళ్ళు పెద్ద. లారీ వెనక్కి పోతుంటే పక్కనే నడుస్తూ అరచేత్తో రేకు మీద తట్టేవాడు. తడుతున్నంతసేపూ రావచ్చు. ఒక్క గట్టి చరుపు పడితే ఆగాలి. ఆగిన చోటికీ గోడకీ మధ్య ఎప్పుడూ బారెడు జాగా ఉండేది. ఎలీయాజరు ఏనాడూ తల తిప్పి చూసి ఎరగడు.

కువైట్ యుద్ధం ముగిసిన రెండో ఏడు, దసరా పూజలు కాగానే లారీ అమ్మేస్తానన్నాడు యజమాని. సరుకంతా ఇనప పెట్టెల్లో హల్దియా రేవుకి పోతోంది. పోరాటం కొనసాగుతుందని యూనియన్ ఆఫీసులో చెప్పారు. ఎవరి మీదో చెప్పలేదు. నలభై రెండేళ్ళ డ్రైవరుకు ఇంకో బండి ఇచ్చేవాడు దొరకలేదు. చివరికి ఎలీయాజరు, కువైట్‌కు మనుషుల్ని పంపే ఏజెంటు పట్టాభి దగ్గరికి వెళ్ళాడు. వెంట గవరయ్య కూడా వెళ్ళాడు.

"పదహారేళ్ళ హెవీ లైసెన్సు గదండీ, సాలదా?"

"ఇక్కడ చాలుతుంది. అక్కడ అది చిత్తుకాగితం. కంపెనీ మనిషి వచ్చి హౌరాలో పరీక్ష పెడతాడు. డ్రమ్ముల మధ్య నుంచి లారీ వెనక్కి పోనిచ్చి సరిగ్గా గీత మీద ఆపాలి. నెగ్గితే పాసయినట్టు కాగితం ఇస్తాడు; అది చూసి అక్కడి లైసెన్సు ఇస్తారు. తప్పితే మళ్ళీ అవకాశం లేదు. బండిలో నువ్వొక్కడివే ఉండాలి."

గుమ్మంలో నిలబడ్డ గవరయ్య అడిగాడు. "బాబూ, కలాసీల్ని తీసుకోరేటి?"

పట్టాభి నవ్వాడు. "అక్కడ బండికి అద్దాలుంటాయి తాతా. మనిషి అక్కర్లేదు."

వీధిలోకి వచ్చాక గవరయ్య ఉమ్మేశాడు. "ఆడి మొకానికి నాను తాతనేటి?" మనిషి అక్కర్లేదన్న మాటను మాత్రం ఉమ్మెయ్యలేకపోయాడు.

మర్నాడు గోడ మీద అద్దం లేదు.

"నా అద్దం ఏదీ?" అంది తబితా.

"లారీకి ఎట్టినాను."

"మరి నాను దేన్లో సూసుకోవాల?"

"గవరయ్య మావ ఉన్నాడు గదా. పాపిడి వంకర పోతే ఒక్క సరుపు సరుత్తాడు."

పరీక్షకు రెండు వారాలుంది. రోజూ లోడు ఎత్తకముందు డాకు గోడ పక్కన నాలుగు డ్రమ్ములు నిలబెట్టి సాధన చేశాడు. మొదటి మూడు రోజులూ ప్రతిసారీ ఏదో ఒక డ్రమ్ము పడింది. అద్దంలో అంతా కనబడుతున్నా కాలు మాత్రం చరుపు కోసం కాచుకునేది. గవరయ్య చేతులు చంకల్లో దూర్చుకుని దూరంగా నిలబడి అరిచేవాడు. "నన్ను సూడకు, అద్దం సూడు! నాను ఊరెల్లిపోనాననుకో!" తన పని పోయే విద్యను తానే దగ్గరుండి నేర్పించాడు. లోకంలో అలాంటి చాకిరీకి కూలి ఉండదు.

పరీక్ష రోజున హౌరా యార్డులో పదకొండు మంది డ్రైవర్లున్నారు. ఎలీయాజరు వంతు వచ్చేసరికి ఆరుగురు తప్పారు. తోడొచ్చిన వాళ్ళంతా రేకుల కంచె బయట నిలబడ్డారు. ఎలీయాజరు కంపెనీ లారీ ఎక్కి గేరు వేసి, అద్దం మీద కన్నుంచి దాన్ని వెనక్కి పోనిచ్చాడు. లారీ మొదటి జత డ్రమ్ములు దాటింది. రెండో జతా దాటింది. అప్పుడు కంచె మీద ధన్‌మని ఒక్క చరుపు పడింది.

మనసుకు తెలిసేలోపే కాలు బ్రేకు తొక్కింది. లారీ ఊగి ఆగింది. అద్దంలో తెల్ల గీత ఇంకా బారెడు దూరంలో ఉంది. ఇక్కడే ఉండిపోతే తప్పినట్టే. కానీ ఆ చెయ్యి పదహారేళ్ళలో ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. అద్దంతో పరిచయం రెండు వారాలే. తనకు కనబడనిదేదో మావకు కనబడిందేమో. కంపెనీ మనిషి కలం ఎత్తాడు.

ఎలీయాజరు మెల్లగా బ్రేకు వదిలాడు. దేనికి తగులుతుందోనని పళ్ళు బిగించుకునే వెనక్కి పోనిచ్చాడు. దేనికీ తగల్లేదు. చక్రం గీత మీద ఆగింది.

కాగితం జేబులో పెట్టుకుని బయటికి వచ్చేసరికి గవరయ్య కుడి అరచేతిని పంచెకు రాసుకుంటున్నాడు.

"ఇనపడినాదేటి?"

"ఇనపడింది మావా."

"బారెడు కనపడేసరికి సెయ్యి దానంతటదే పడిపోనాది రా." ఎలీయాజరు జేబు కేసి చూశాడు. "ఇనపడీ ఆడే ఆగిపోనేదంటే మరి పాసయినట్టే. ఆ కాగితమెందుకు?"

ఖిదిర్‌పూర్ బస్సెక్కి పక్కపక్కన కూచున్నారు. వంతెన దిగాక కండక్టరు బస్సు ఆపమని రేకు మీద గట్టిగా ఒక్కటి చరిచాడు. ఎలీయాజరు కుడికాలు చెప్పుతో సహా బస్సు నేలను గట్టిగా నొక్కింది. గవరయ్య ఆ కాలును చూశాడు. చూసి, తల కిటికీ వైపు తిప్పుకున్నాడు.