కాలిన కొండ, మరిది వామి

ముదిగుబ్బ బస్సులో పోయేవాళ్లు మా కొండ పచ్చగా ఉందని ఫోన్లు తీసి ఫోటోలు పట్టుకుంటున్నారు. చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పచ్చదనంలో ముప్పాతిక బోదగడ్డే. కాస్త ముదిరిందంటే గొర్రె దాన్ని మూతితో కూడా తాకదు.

పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఈ కొండ మీదే గొర్రెలు మేపుతున్నాను. తొలకరికి గరిక లేస్తుంది. శ్రావణంలో చెంగలి గడ్డి, నేల మీద పాకే సన్న తీగలు, నాకు పేర్లు తెలియని పసుపు పూల మొక్కలు. దసరాకు అన్నీ గింజ పడతాయి. చలి పోయేసరికి ఎండి నిలబడతాయి. ఊరికి అది చెత్త. మళ్లీ వాన పడేదాకా నా చూలు గొర్రెలకు అదే తిండి.

ఎండల్లో కొండకు నిప్పు పెడితే ఆ పొగకు మబ్బు పడుతుందని మా ఊళ్లో నమ్మకం. పోయిన ఎండాకాలం ఆ ఘనకార్యం మా మరిది చేశాడు. ఆయనకు గొర్రెలు లేవు, చెనక్కాయ చేను, కాడెద్దులు ఉన్నాయి. వాన కావాలి, అంతే. ఎండుగడ్డి కాలింది, దాని కింద రాలిన గింజా మాడింది. బోద వేరు మాత్రం నిప్పుకు చావలేదు.

“ఏమప్పా, గొర్రెలు ఏం తినల్ల?” అని అడిగాను.

“వాన వస్తాది లే వదినా. రెండు దినాలు ఓర్చుకో” అన్నాడు.

వాన జాడ లేదు. మంద బూడిదలో తిరిగి తిరిగి నల్లటి మూతులతో ఇంటికొచ్చేది. ఈనిన గొర్రెలకు పాలు లేవు. ఒక పిల్ల ఎండిన పొదుగును గుద్ది గుద్ది నా కళ్లముందే పడిపోయింది. దానికి గుంట తవ్వుతూ నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే ఎవరూ అచ్చు వేయరు.

ఆ సాయంత్రం మందను మా దొడ్డికి తోలలేదు, మరిది ఇంటికి తోలాను. పెరట్లో ఎద్దుల మేతకని, కాయలు తెంపి ఎండబెట్టిన చెనక్కాయ కట్టెను వామి వేసుకున్నాడు. అడ్డంగా పెట్టిన కంప నేనే లాగేశాను. గొర్రెలు వామి చుట్టూ మూగాయి. నాకు జాలి వేయలేదు, ఇప్పటికీ వేయదు.

మరిది లబోదిబోమంటూ వచ్చాడు. “ఏం పని వదినా ఇది? నా ఎద్దులు ఏం తినల్ల?”

నేను కర్ర పక్కన పెట్టి అరుగు మీద కూర్చున్నాను.

“వాన వస్తాది లే అప్పా. రెండు దినాలు ఓర్చుకో.”