కడగని పసుపు

తెల్లవారి దేవుడి దగ్గర దీపం పెట్టగానే జోగులమ్మ పెరటి గట్టు మీద కూర్చుని తన కాళ్లు తానే కడుక్కునేది. చెంబుడు గోరువెచ్చని నీళ్లు, ఒక పాత నేతగుడ్డ. ఒక్కో వేలి సందూ తుడుస్తూ ఒక్కో గోవింద. పది వేళ్లకు పది గోవిందలు, ఉపమాక వెంకన్న కొండ మీంచి వింటున్నాడన్నంత శ్రద్ధగా. ఆ తర్వాత చేతి అద్దం నేల మీద పెట్టి, పాదం దాని మీదికి ఎత్తి అరికాలు చూసుకునేది. ఆమెకు షుగరు వచ్చి ఎనిమిదేళ్లు. ఈ మధ్య కంటికి పొర కమ్మి, అద్దంలో అరికాలు పాలమీగడలా తెల్లగా, ఆనవాలు లేకుండా కనబడుతోంది. అయినా చూడడం మానలేదు.

"ఏటి పిన్నీ, ఊరందరూ దేవుడి కాళ్లకి పూజ సేస్తే నువ్వు నీ కాళ్లకి సేసుకుంటావు! మరి మాకు పెసాదమేటి?" అని గోడ అవతలి నుంచి అప్పలలక్ష్మి ఆటపట్టించేది.

"కాలు కాలులా ఉండడమే పెసాదమే. నువ్వూ కూకుని సూసుకో."

అంటూనే గుడ్డను మళ్లీ మళ్లీ పిండేది, అందులో ఇంకా ఏదో రంగు మిగిలిపోయినట్టు.

కొయ్యూరు కొండ ఊళ్లలో ముప్పయ్యేళ్లు నర్సమ్మగా తిరిగిన మనిషి. రిటైరయ్యాక నర్సీపట్నంలో ఒక సేవాసంఘం తరఫున ఇంటింటికీ వెళ్లి పెద్దవాళ్లను చూసి వచ్చేది. ఒంట్లో ఎలా ఉందని అడిగితే ఏ ముసలమ్మైనా "బాగానే ఉన్నానమ్మా" అంటుంది. అది ఒంటి సంగతి కాదు, ఇంటి మర్యాద. ఆ సంగతి జోగులమ్మకు తెలుసు. అందుకని కోడలి వైపు తిరిగి "అమ్మా, కాస్త టీ పెడతావా" అనేది. కోడలు వంటింట్లోకి వెళ్లాక మంచం పక్కన నేల మీద చతికిలబడి, ముసలమ్మ చేతిని తన ఒళ్లో పెట్టుకునేది. అప్పుడు ఒక్కొక్కటే బయటికి వచ్చేవి. మెతుకు మింగుడు పడడం లేదని, బాత్రూములో పడి ఎవరికీ చెప్పలేదని, రెండు మాత్రలూ మింగకుండా దిండు కింద దాచానని. ఆ నిజాల కోసం ఆమె రోజుకు ఎన్ని చప్పటి టీలు తాగేదో ఆ దేవుడికే తెలియాలి.

ఆమె సంచిలో బీపీ మిషను, షుగరు మిషను, కాలి స్పర్శ చూసే నైలాను పోచ, పొద్దుట వాడే చేతి అద్దం ఉండేవి. వాటితోపాటు ఒక చెంబూ, తెల్ల తువ్వాలూ ఉండేవి. చెంబూ తువ్వాలూ నాలుగేళ్ల కిందట చేరాయి. ఎందుకు చేరాయో ఆమె ఎవరికీ చెప్పలేదు.

నాలుగేళ్ల కిందట శ్రావణమాసం మొదటి శుక్రవారం నాడు ఆమె చిట్టితల్లిగారిని చూడడానికి వెళ్లింది. చిట్టితల్లిదీ, భర్త మన్మథరావుదీ నాతవరం దగ్గర పల్లె. ఒంట్లో ఓపిక తగ్గాక పొలం కౌలుకిచ్చి, నర్సీపట్నంలో కూతురు సత్యశ్రీ దగ్గరికి వచ్చారు. చిట్టితల్లికి షుగరు ముదిరింది. నోరు మాత్రం చురుకు. ఆ రోజు బీపీ చూసి, రక్తం చూసి, కాళ్ల దగ్గరికి వచ్చేసరికి రెండు పాదాలకూ చీలమండల దాకా ముద్దపసుపు పూసి ఉంది.

"అత్తయ్యగారూ, ఓసారి కడిగి చూస్తానండి."

"నా కాళ్లేటి సూస్తావే, పెళ్లిసూపులకొచ్చినావా?" అని చిట్టితల్లి పకపక నవ్వింది. "సావనమాసం శుక్కురారం పూట ముత్తైదు కాళ్ల పసుపు కడిగీస్తావేటి? మీ మావయ్య నూరేళ్లు బతకొద్దేటి?"

గుమ్మంలో కూర్చున్న మన్మథరావు తల అటు తిప్పుకున్నాడు.

జోగులమ్మ దైవభక్తి గల మనిషి. మాసం మంచిది, వారం మంచిది. నీళ్లు అడగబోయిన నోరు మూసుకుంది. పాదాలకు వంగి దండం పెట్టి, ఆ పసుపు కళ్లకద్దుకుంది. వంగినప్పుడు పసుపు వాసన వెనక మరో వాసన, మగ్గిపోయిన పనసతొన లాంటిది, ముక్కుకు తగిలింది. దేవుడి దగ్గర పళ్లు మిగలముగ్గాయి కాబోలు అనుకుంది. సంఘంవారి తనిఖీ కాగితంలో పాదాల గడిలో 'బాగున్నాయి' అని రాసి వచ్చేసింది.

పద్దెనిమిదో రోజున చిట్టితల్లికి చలిజ్వరం వచ్చింది. విశాఖపట్నం తీసుకెళితే ఎడమ కాలు మోకాలి పైకి తీసేశారు.

ఇంటికి తెచ్చాక జోగులమ్మ రోజూ వెళ్లి కట్లు మార్చేది, తల దువ్వేది. పుండ్లు పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టేది. చిట్టితల్లి చేతికర్ర పట్టుకుని, ఒక్క కాలి మీద టక్కుమని గెంతుతూ గుమ్మం దాకా వచ్చి కూర్చునేది. ఒక మధ్యాహ్నం మంచం మీద పడుకుని పిలిచింది.

"జోగులమ్మా, ఆ కాలు దురదెడతందే. కాస్త గోకు."

"ఏ కాలండీ?"

"లేనిదే. బొటనేలు కాడ. తడితడిగా ఉంది. పసుపింకా ఆరలేదేటో సూడు."

లేని కాలు దురదపెట్టడం జోగులమ్మ చదువుకున్న సంగతే. ఖాళీ దుప్పటి మీద, బొటనవేలు ఉండవలసిన చోట, మెల్లగా గోకింది. చిట్టితల్లి కళ్లు మూసుకుని "అదీ, అక్కడే" అంది హాయిగా.

కార్తీకం రాకుండానే ఆమె వెళ్లిపోయింది. జోగులమ్మ చేసిన సేవకు ఆ ఇంటివాళ్లు చీర పెట్టి దండం పెట్టారు. ఆ చీర మడత ఇప్పటికీ విప్పలేదు. అప్పటినుంచి శ్రావణ శుక్రవారాలు ఆమెకు గండాలే. వీధిలో ప్రతి గడపకూ పసుపు. ఏ గడప చూసినా మంచం అంచున చాపిన పాదమే. దాటేటప్పుడు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దాటేది, తగిలితే నొప్పి పుడుతుందేమో అన్నట్టు.

ఈ శ్రావణంలో ఒక ఉదయం సత్యశ్రీ ఫోను చేసింది.

"ఆంటీ, నాన్న నాలుగు రోజుల బట్టి కాలికి గుడ్డ సుట్టుకుని కూకున్నాడు. ఇప్పనివ్వడు. ఆసుపత్రంటే అన్నం మానీసేడు. మీరొత్తేనే అవుద్ది."

మన్మథరావుకూ షుగరే. ఆ ఇంట్లో మరో కాలు. జోగులమ్మ సంచి భుజాన వేసుకుని బయలుదేరింది.

డెబ్బై ఎనిమిదేళ్ల మన్మథరావు మంచం మీద గోడకానుకుని ఉన్నాడు. ఎడమ పాదానికి పాత ధోవతి గుడ్డ. చిటికెనవేలి వైపు పసుపు మరక ఊరి ఉంది. జోగులమ్మ ఆ మరక వైపు చూసి, చూపు తిప్పుకుని, "సత్యశ్రీ, కాస్త టీ పెడతావా తల్లీ" అంది.

జ్వరం చూసింది. కొంచెం వెచ్చగా ఉంది. తర్వాత జ్ఞాపకశక్తి చూడడానికి మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది: జీడిమామిడి, గొడుగు, ఎద్దు. చూపెలా ఉందని అడిగింది.

"పోయినేడు ఆపరేసను సేసినారు గదా. ఆ గోడ మీద సీమ మగదో ఆడదో సెప్పమన్నా సెప్పెత్తాను."

"మరి నేను చెప్పిన మూడు మాటలు?"

"జీడిమావిడి, గొడుగు, ఎద్దు. ఆ ఎద్దుని నానే గదేటి, మర్సిపోతానా!"

ఇద్దరూ నవ్వారు. తర్వాతి ప్రశ్న కాగితంలో ఉన్నట్టే అడిగింది. "ఎవరూ లేనప్పుడు మాటలు గానీ, చప్పుళ్లు గానీ వినిపిస్తాయా మావయ్యగారూ?"

ఆయన నవ్వు ఆగింది. "మద్దేనం పూట, అమ్మాయి పనికెల్లిపోనాక. టక్కుమంటాది. కర్రొకటి, కాలొకటి. ఆ మూల నుంచొత్తాది, ఇక్కడాగుతాది." ఆమె ముఖంలోకి చూశాడు. "నీకినిపించదా?"

జోగులమ్మ పెన్ను గడి మీదే నిలిచిపోయింది. వంటింట్లో పొయ్యి మీద టీ పొంగిన చప్పుడు. ఆమె ఏమీ రాయలేదు. అబద్ధం రాయడం ఒకసారికే చాలు.

"కాలు చూడనివ్వండి."

"దాని జోలికి రాకు తల్లీ. అదెల్లిన దారే నాదీని. నువ్వు సూత్తే కోసేత్తారు."

"చూస్తే కోయరు మావయ్యగారూ. చూడకపోతేనే కోస్తారు." నాలుగేళ్లుగా దాచుకున్నది ఇక ఆగలేదు. "అత్తయ్యగారి కాళ్లు ఆ శుక్రవారం నేను చూడలేదు. పసుపు కడగడం పాపమనుకుని, దండం పెట్టి, బాగున్నాయని రాసీసేను. వాసనొచ్చింది. వచ్చినా అడగలేదు. ఆ రోజే కడిగుంటే ఆ తల్లికి కాలు నిలబడునేమో. మీరు నాకు చీర పెట్టారు. నేను ఆవిడ కాలు పోగొట్టినదాన్ని."

గుమ్మం దగ్గర గ్లాసుల చప్పుడైంది. సత్యశ్రీ టీ పట్టుకుని అక్కడే నిలబడిపోయి ఉంది.

మన్మథరావు కూతురి వైపు చూడకుండా అన్నాడు. "ఆ పసుపు అది పూసుకోలేదు. నానే మెత్తాను."

జోగులమ్మ తలెత్తింది.

"అరికాలికి పుండు లేసింది. పచ్చిపసుపు, ఏపాకు నూరి పెట్టినాను. పై శుక్కురారం వరలక్ష్మీ వ్రతం, అదయ్యేదాకా ఎవరికీ సెప్పకు, ఆసుపత్రికి పంపిత్తారు, పీట మీద కూకోనివ్వరు అన్నాది. నువ్వొత్తన్నావని తెలిసి రెండు కాళ్లకీ దట్టంగా మెత్తేసినాను. నువ్వు కడుగుతానంటే నా పేణం లేసొచ్చింది. కడిగెయ్యమని నోటి దాకా వచ్చింది. తల తిప్పుకున్నాను." కాలి గుడ్డను చేత్తో కప్పుకున్నాడు. "ఇప్పుడు నాకూ అదే కాలికి లేసింది. రానీ అనుకున్నాను. దాని బాకీ ఇలా తీరనీ అనుకున్నాను."

సత్యశ్రీ టీ గ్లాసులు కిటికీలో పెట్టింది. కళ్లనీళ్లు చెంగుతో తుడుచుకుని, ఎవరినీ ఒక్క మాటా అనకుండా లోపలికి వెళ్లి, గోరువెచ్చని నీళ్లు బకెట్టులో తెచ్చి జోగులమ్మ పక్కన పెట్టింది. వేడి సరిపోయిందో లేదో తన మోచేత్తో ముంచి చూసింది కూడా. ఆ పిల్ల చేసిన ఆ చిన్న పని జోగులమ్మ మనసులో ఎన్నటికీ చెరగదు.

"అత్తయ్యగారు దురదేస్తుందంటే లేని కాలు గోకాను మావయ్యగారూ. ఉన్న కాలు కడగనివ్వండి."

ఆయన చెయ్యి తీశాడు.

సంచిలోని చెంబుతో నీళ్లు పోసి గుడ్డ తడిపి, మెల్లగా ఒలిచింది. లోపల మెత్తిన పసుపు నీళ్లలో కరిగి బకెట్టంతా పచ్చబడింది. ఆ వాసన మళ్లీ లేచింది, మగ్గిన పనసది. ఈసారి ఆమె ముఖం తిప్పుకోలేదు. ముఖం ఆనేంత దగ్గరగా వంగి చూస్తే, చిటికెనవేలి మొదట్లో చింతగింజంత పుండు. చుట్టూ ఎరుపు, ముట్టుకుంటే వేడి. నైలాను పోచ ఆనించి నొక్కితే మూడు చోట్ల ఆయనకు తెలియలేదు. బొటనవేలు నొక్కి వదిలితే మాత్రం రక్తం వెంటనే వచ్చి ఎర్రబడింది. పాదం పైన నాడి వేలికింద తొణికింది. జోగులమ్మ కళ్లు మూసుకుని ఆ నాడిని లెక్కపెట్టింది, ఒక్కో అదురుకు ఒక్కో గోవింద.

"ఇంకా సమయం మించిపోలేదు. కానీ రేపు కాదు, ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి."

"కోసేత్తారా?"

"నేను డాక్టరును కాదు, మాటివ్వలేను. రక్తం ఆడుతోంది. అది నా చేత్తో చూశాను. చూసిందే రాస్తాను." ఆయన కళ్ల ముందే గడిలో రాసి, చదివి వినిపించింది.

"నువ్వూ రావాలి మరి."

"వస్తానండి."

సత్యశ్రీ ఆటోకు ఫోను చేసి, లోపల పక్కబట్టలు సర్దుతోంది. మన్మథరావు పచ్చబడ్డ నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు. మూలనుంచి చప్పుడేదో వచ్చినట్టయి ఇద్దరూ ఒకేసారి అటు చూశారు. ఏమీ లేదు. గోడకు చేరవేసిన కర్ర అలాగే ఉంది.

జోగులమ్మ చేతులు తుడుచుకుంది. సంచిలోంచి తన చేతి అద్దం తీసింది, మళ్లీ లోపల పెట్టేసింది. మంచం ముందు, గుమ్మం వెలుగు పడే చోట కూర్చుని, కుచ్చిళ్లు కాస్త ఎత్తి, పాదం వెలుగులోకి చాపింది.

"మావయ్యగారూ, నా కళ్లకి పొరొచ్చింది. రెండు నెలలుగా నా అరికాలు నాకు కనబడడం లేదు. పెద్దవారు, ముట్టుకోకండి, ఆ పాపం నాకొద్దు. ఆటో వచ్చేలోగా ఓసారి చూసి, ఉన్నదున్నట్టు చెప్పండి."