బోరబండ షెడ్యూళ్ళ మొదటి పేజీ

అది 1986. పంజాగుట్టలో ఒక అద్దె మేడ పై అంతస్తులో మా పరిశోధన సంస్థ ఉండేది. నేను ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌ని. ఇల్లిల్లూ తిరిగి, ప్రశ్నలడిగి, షెడ్యూల్ అనే అచ్చు ఫారంలో జవాబులు రాసుకురావడం నా పని. పేరు, గుడిసె నంబరు మొదటి పేజీలో మాత్రమే ఉండేవి.

బోరబండలో మహబూబ్ బీ అనే కూలీ ముందే అడిగింది.

“నా పేరు బయటికొస్తదా?”

“రాదమ్మా” అన్నాను. అందరికీ అలాగే చెప్పేవాళ్ళం.

ఆ మాట నమ్మి, గుడిసె పట్టా తన పేరున లేదనీ, వదిలేసి పోయినవాళ్ళ గుడిసెలో ఉంటున్నాననీ చెప్పింది. తెలిస్తే ఖాళీ చేయిస్తారు.

రెండు నెలలకు, సర్వే చేయించిన ప్రభుత్వ శాఖ నింపిన షెడ్యూళ్ళన్నీ పంపమంది. పట్టాలు తనిఖీ చేసేదీ ఆ శాఖే. పంపేయమన్నారు మా డైరెక్టర్. జవాబులను అంకెల్లోకి మార్చే కోడింగ్ విభాగాన్ని రావుగారు చూసేవారు. ఆయనకు సంగతి చెప్పాను.

“ఎవర్ని అడిగి మాటిచ్చారు?”

“ఎవర్నీ అడగలేదండి.”

“నేనూ పదిహేనేళ్ళు అలాగే ఇచ్చానమ్మా. వెళ్ళి ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పండి. ఏమంటుందో నాకు చెప్పండి.”

అమీర్‌పేట దాకా నడిచి బస్సెక్కాను.

మహబూబ్ బీ తిట్టలేదు. “నువ్వు రాసుకున్నవ్, నీ దగ్గర్నే ఉంటదనుకున్న బేటీ. కాగితం ఆఫీసుదని జర ముందుగాల చెప్పకపోతివి?”

“చెప్పుంటే ఏం చేసేదానివమ్మా?”

“ఏముంది, చాయ్ తాగిచ్చి పంపిస్తుంటి.”

ఆ మాటే రావుగారికి చెప్పాను. మర్నాడు ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి అన్ని షెడ్యూళ్ళ మొదటి పేజీలూ చింపించారు. అది తన నిర్ణయమని నోట్ రాసి సంతకం పెట్టారు. డైరెక్టర్ మెమో ఇచ్చారు. రావుగారి జవాబులో మా పేర్లు లేవు. ఆయన ప్రమోషన్ ఆగిపోయింది. షెడ్యూళ్ళు పేర్లు లేకుండానే శాఖకు వెళ్ళాయి. మరుసటి ఏడు వెళ్తే మహబూబ్ బీ ఆ గుడిసెలోనే ఉంది.

రావుగారు పోయి నెల దాటింది. ఇప్పుడు సంస్థల్లో సమ్మతి పత్రాలున్నాయి, ఎథిక్స్ కమిటీలున్నాయి. అవి లేని రోజుల్లో నేను నేర్చుకున్నది ఒక్కటే: పెన్ను తీసేముందు, ఈ కాగితం ఎవరి చేతికి వెళ్తుందో చెప్పాలి. ఆ తర్వాత ఉద్యోగమున్నన్నాళ్ళూ చెప్పాను. విని కొందరు చాయ్ ఇచ్చి పంపేశారు. తాగి వచ్చేశాను.