కట్టేసిన కాలువలో మా అడవి కాపురం

మా చిన్నప్పుడు... వేసవి సెలవులు అయిపోవస్తున్న ఒక పొద్దున్న, మా పెదనాన్నగారి అమ్మాయి బుజ్జక్క, మా తమ్ముడు చంటి, నేను ఇల్లొదిలి వెళ్ళిపోయాం. నెత్తిన యూరియా సంచుల పట్టా, చేతిలో కత్తిపీట. కత్తి దొరకలేదు మరి! ఎక్కడికంటే... అడవిలో బతకడానికి!

అంతా స్కూలు లైబ్రరీ పుస్తకం చలవ. అందులో ఓ కుర్రాడు అడవిలో తప్పిపోతాడు. ఆకులతో ఇల్లు కట్టుకుంటాడు, రాళ్ళు కొట్టి నిప్పు పుట్టిస్తాడు, చేపలు కాల్చుకు తింటాడు... స్నానం చెయ్యమనేవాళ్ళు లేరు, ఎక్కాలు అప్పజెప్పమనేవాళ్ళు లేరు! అది చదివాక మాకు ఇంట్లో అన్నం సయించలేదంటే నమ్మండి.

చిక్కల్లా ఒక్కటే... మా వైపు అడవెక్కడిది? ఎటు చూసినా వరిచేలు, కొబ్బరితోటలు. ప్రతిదానికీ ఓ యజమాని, ఆయన మాకు బాబాయో మావయ్యో అయ్యుండేవాడు. ఓ చెట్టు కింద ఐదు నిమిషాలు కూర్చుంటే "ఏంటమ్మా, ఇక్కడున్నారు? ఇంట్లో చెప్పే వచ్చారా?" అని పలకరింపు.

ఎవరూ అడగని చోటు ఊళ్ళో ఒక్కటే. పంట కాలువ! ఎండాకాలం కాలువలు కట్టేసేవారు కదా... ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్ళు ఆపేస్తే మా కాలువ ఎండిపోయి, అక్కడక్కడ మడుగులు మాత్రం మిగిలేవి. వాటి మధ్య గడ్డి మొలిచిన మట్టిదిబ్బ ఒకటి. బుజ్జక్క దాన్ని చూడగానే "ఇదేనే మన అడవి!" అని గంతేసింది.

ఊరికే పోలేదు లెండి, తాతయ్యతో పందెం వేసి మరీ వెళ్ళాం. గోదావరి మధ్య లంకలో మాకు మొక్కజొన్న చేను ఉండేది. అక్కడ మంచె మీద ఒక్క రాత్రి పడుకోవాలని మా ముగ్గురికీ ప్రాణం కొట్టుకునేది. ఎన్నిసార్లు అడిగినా తాతయ్య "భయపడి ఏడుస్తారర్రా" అనేవారు. చివరికి మా పోరు పడలేక ఒక షరతు మీద ఒప్పుకున్నారు.

"చీకటి పడేదాకా ఇంటి గడప తొక్కకుండా ఉండండి చూద్దాం. ఉన్నారా... రేపే పడవెక్కిస్తాను."

"మీరూ మీ పందేలూనండి మావయ్యగారూ!" అని మా అమ్మ తల పట్టుకుంది.

దిబ్బ మీద రెండు కర్రలు పాతి పట్టా కప్పేసరికి మా ఇల్లు సిద్ధం! నిప్పు పుట్టిద్దామంటే ఆ బురదమట్టిలో చిన్న రాయైనా దొరకదే... దేవుడి గూట్లోంచి చంటి పట్టుకొచ్చిన అగ్గిపెట్టే దిక్కయింది. మడుగులో తువ్వాలు పరిచి పరిగె చేపపిల్లల్ని పట్టాం. ఎండు కొబ్బరిమట్టల మంట మీద కాలిస్తే ఒక పక్క బొగ్గు, రెండో పక్క పచ్చి.

"అక్కా, అచ్చం పుస్తకంలో లాగే ఉందే!" అన్నాడు చంటి, మూతంతా మసి చేసుకుని. నిజంగా అంత రుచి నేను మళ్ళీ ఎరగను.

మధ్యాహ్నం అమ్మ గట్టు మీదికొచ్చి మాయోపాయం పన్నింది. "మాగాయేసి పెరుగన్నం కలిపాను... మామిడిపండు కోశాను... ఇంటికొచ్చినవాళ్ళకే!" చంటి లేచాడు. బుజ్జక్క వాడి నిక్కరు వెనక నుంచి పట్టుకుని "ఒరేయ్... మంచె!" అంది. అంతే, గుటకేసి కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా వంతెన మీంచి కేకలు. "నీళ్ళొచ్చేత్తన్నాయండోయ్... కాలవొదిలేహారండోయ్!"

చూద్దుము కదా... ఎండుటాకులు, నురగ, ఎవరిదో ఒంటి చెప్పు తోసుకుంటూ కొత్త నీరు వచ్చేస్తోంది! గట్టు మీద పిల్లలు నీటితో పాటే పరుగులు. ఆడవాళ్ళు పసుపూ కుంకుమా, పువ్వులూ వేస్తున్నారు. ఆ పువ్వులతో సహా నీళ్ళు మా దిబ్బ దగ్గరికొచ్చి, రెండుగా చీలి, మమ్మల్ని చుట్టేశాయి.

"దీవి! మనకి దీవొచ్చేసిందే!" అని ముగ్గురం ఒకటే ఎగరడం! ఆ ఆనందం ఎంతసేపూ... నీళ్ళు పట్టా అంచు తడిపేదాకా. చంటి వచ్చి నన్ను కరుచుకున్నాడు. బుజ్జక్క మాత్రం "దిగితే ఓడిపోయినట్టే" అని బిగుసుకుని కూర్చుంది.

ఎక్కణ్ణించి వచ్చారో తాతయ్య... పంచె ఎగ్గట్టి, మోకాలి లోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చి చంటిని భుజానికెత్తుకున్నారు. "పదండర్రా."

"ఇంకా చీకటి పడలేదు కదండీ తాతయ్యా!" బుజ్జక్కకి ఏడుపొచ్చేసింది.

"గడప తొక్కొద్దన్నానమ్మా... గట్టెక్కొద్దన్నానా?"

గెలిచేశాం! చీకటి పడేదాకా నలుగురం గట్టు మీదే కూర్చున్నాం. మిగిలిన మాడు చేపలు ఆయనే తినేశారు, "ఉప్పు మరిచిపోయారర్రా" అంటూ.

అప్పుడొచ్చింది అమ్మ. "వీళ్ళంటే చిన్నపిల్లలు... మీరేంటండీ మావయ్యగారూ! పొద్దున్న కాఫీ తాగి వచ్చి ఆ కానుగ చెట్ల చాటున కూర్చున్నారు, భోజనానికైనా రాలేదు!"

నీళ్ళు వదిలారన్న కబురు ఆయనకి ముందురోజే తెలుసట. మాకు చెప్పలేదు. వద్దని ఆపలేదు. మేం అడవిలో మా అంతట మేమే బతికేస్తున్నాం అనుకున్న ఆ రోజంతా ఆయనా గడప తొక్కలేదు.

మర్నాడే పడవెక్కాం. మంచె మీద పడుకున్నాం. ఏడవలేదు!

ఇప్పుడు మా అమ్మాయి రాజమండ్రిలో, మూడో అంతస్తులో, సోఫాలో పడుకుని అడవిలో ఒంటరిగా బతికేవాళ్ళ వీడియోలు చూస్తుంది. మొన్న ఆదివారం "అమ్మా, ఒక్క రోజు బయటే ఉంటానే" అంది. ఎండనీ, కుక్కలనీ, బళ్ళనీ చెప్పి వద్దన్నాను. నిజం చెప్పాలంటే... కాలువలు ఇప్పటికీ కట్టేస్తున్నారు, వదులుతున్నారు, పిల్లలకీ ఆ సరదా అలాగే ఉంది. పొద్దస్తమానం గట్టు మీద మాట్లాడకుండా కూర్చునే తీరికే నాకు లేదు.

మీరు ఎక్కడ పెట్టారండీ అడవి కాపురం? చెప్పండి... చెట్టు చాటున మీకెవరు కాపలా కాశారో అదీ చెప్పండి.