కీచురాయి పాటలో పెదనాన్నగారు

ఆ రోజుల్లో నా చెవులంటే నాకు మహా గర్వం. అమలాపురంలో ఒక కాలేజీలో, పొదల్లో ఉండే కీచురాళ్ళ పాటలు రికార్డు చేసే పనికి తాత్కాలికంగా కుదిరాను. (ఆకులా పచ్చగా, ఒంటికన్నా పొడుగు మీసాలతో ఉంటుందది. నోటితో కాదు, రెక్కకి రెక్క రాసి పాడుతుంది. ఈ సంగతి పెళ్ళిచూపుల్లో కూడా చెప్పాను. ఆ సంబంధం కుదరలేదు.) సోమవారానికి ఒక్క మంచి రికార్డింగు తెస్తేనే ఉద్యోగం ఉంటుందని ఆ పని చూసే మేడంగారు మెత్తగానే చెప్పారు.

రాజోలు దగ్గర మా పెదనాన్నగారి కొబ్బరితోటలో, ఒక పొదలో అది దొరికింది. పెదనాన్నగారు రిటైరైన హెడ్మాస్టరు. తోటలో పడ్డ మేకనైనా 'అండీ' అని తోలే మనిషి. పొద్దు వాలుతుండగా మైకు పెట్టి, దయచేసి మాట్లాడొద్దని బతిమాలాను. "ఆయ్" అన్నారు. కీచురాయి అందుకుంది. నోటిమీద వేలు పెట్టి చూపించాను. "ఆయ్" అన్నారు. చేతులు జోడించాను. మళ్ళీ అదే. ఎదుటివాళ్ళు ఏదైనా చెబితే, మా కోనసీమ తీరున 'ఆయ్' అని ఔననకుండా ఊరికే తలూపడం ఆయన దృష్టిలో అమర్యాద. పాట ఆగిపోయాక నెమ్మదిగా అడిగారు.

"ఎప్పుడు మొదలెడుతుందమ్మా అది?"

"ఇంతసేపూ పాడింది కదండీ పెదనాన్నగారూ."

ఆయన పొద వంక చూసి, "నాకేం వినపళ్ళేదమ్మా" అన్నారు. మరీ సన్నటి శ్రుతి అది. వయసు మీద పడ్డ చెవి ముందుగా వదులుకునేది ఆ పై శ్రుతులనే. ఆయన మొహం చిన్నబోయింది గానీ, అప్పుడు నా ఏడుపు నాది. మర్నాటి నుంచి వాన పట్టుకుంది, ఇక రెండో రికార్డింగు లేదు.

సోమవారం మేడంగారు విని, "ఈ ఆయ్ అనేది ఏ జాతండీ?" అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. తీరా కంప్యూటరులో చూస్తే కీచురాయి పాట ఎక్కడో పై శ్రుతిలో, పెదనాన్నగారి గొంతు ఎక్కడో కింది శ్రుతిలో. ఒకదాన్నొకటి తాకనే లేదు. కింది భాగం తీసేస్తే పాట చెక్కుచెదరకుండా మిగిలింది, దాంతోపాటు నా ఉద్యోగం. ఈ మాట చెబితే ఆయన, "పోన్లేమ్మా, అడ్డం రాలేదు" అని స్థిమితపడ్డారు.

పెదనాన్నగారు పోయి చాలా ఏళ్ళయింది. మొన్న క్లాసులో పిల్లలకి ఆ పాత రికార్డింగు, ఏమీ తీసెయ్యనిది, వినిపించాను. అందరూ మొహాలు చిట్లించారు. నేను మాత్రం ఎప్పుడు మొదలవుతుందా అని స్పీకరు వంక చూస్తూ నిలబడ్డాను.

ముందు వరసలో అమ్మాయి, "పాడుతోంది కదండీ మేడమ్" అంది.

ఇంతలో స్పీకర్లోంచి స్పష్టంగా, "ఆయ్" అని వినబడింది. నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. ఆ పిల్లకి నేనూ అదే జవాబు చెప్పాను.