యంత్రానికి బొట్టు పెట్టిన పాణి సేటు

పాణి సేటు ఏ వస్తువునూ పారేయడు. వరంగల్ స్టేషన్ రోడ్డులో అందరూ ఈ మాటను మెచ్చుకోలుగా చెబుతారు. నేను తిట్టుగా చెబుతున్నాను.

పూర్తి పేరు సారంగపాణి. వాళ్లది స్టీలు సామాన్ల దుకాణం. వెనక అటక మీద మూతలు లేని డబ్బాలు, డబ్బాలు లేని మూతలు, పళ్లెం ఊడిన తక్కెడ, వాళ్ల నాయిన లక్ష్మీనారాయణ గొడుగు తాలూకు కర్ర, అన్నీ భద్రంగా ఉండేవి. అన్న వెంకట్రాజం గల్లా మీద కూర్చునేవాడు, పాణి తక్కెడ దగ్గర నిలబడేవాడు. స్టీలు గిన్నెలు తూకానికి అమ్ముతారు కదా, పాణి తూచిన ప్రతి గిన్నెనూ కొనేవాళ్ల ముందే అన్న ఇంకోసారి తూచేవాడు. నలభై ఏళ్లు దగ్గరపడుతున్న మనిషికి అది మింగుడుపడలేదు. ఇక తక్కెడ ముట్టనని నాయిన మీద ఒట్టు వేసి, తన వాటా తీసుకుని, 1985లో హన్మకొండ చౌరస్తాలో మేడ మీద కంప్యూటర్ సెంటర్ పెట్టాడు.

అక్కడ పాఠాలు చెప్పడానికి కుదిరినవాణ్ని నేను. కంప్యూటర్ గురించి సేటుకు తెలిసింది ఒక్కటే, పాస్‌వర్డు. దేన్నైనా తుడిచే అధికారం ఇచ్చే ఆ అసలు పాస్‌వర్డును గల్లాపెట్టె తాళంచెవిలా తన దగ్గరే ఉంచుకున్నాడు. జీతగాణ్ని నమ్మకపోవడం ఒక్కటే దుకాణంలో ఆయన సరిగ్గా నేర్చిన విద్య.

యునిక్స్ నడిచే పెద్ద యంత్రం ఒకటి, దానికి తగిలించిన తెరలు ఎనిమిది. యంత్రం డిస్కులో మొదట ఒక చిన్న అర ఉంటుంది. స్విచ్చి వేయగానే యంత్రాన్ని లేపే ప్రోగ్రాం అందులో ఉండాలి, లేకపోతే యంత్రం లేవదు. కొత్తది వచ్చినప్పుడల్లా పాతదాన్ని తుడిచేయడం పద్ధతి. మా సేటు తుడవనిస్తాడా? ప్రారంభం నాడు ముసలాయన లక్ష్మీనారాయణ కొబ్బరికాయ కొట్టి స్విచ్చి వేసినప్పటి కాపీని 'నాయిన' అనే పేరుతో దాచాడు. ఆ ఏడే ముసలాయన పోయాడు, కాపీకి దైవత్వం వచ్చింది. తర్వాత ఉగాదికి వచ్చిందని ఒకటి దాచాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన కంపెనీ మనిషికి రెండు పూటలా అన్నం పెట్టి వేయించుకున్నామని ఇంకొకటి దాచాడు. అర నిండిపోయింది. దుకాణం అటక మేడ మీదికి కూడా వచ్చిందన్నమాట.

1987లో దసరా వెళ్లిన సోమవారం నాడు మాకు గుర్తింపు పరీక్ష పడింది. హైదరాబాద్ నుంచి పరీక్షాధికారి వస్తాడు. ఎనిమిది మంది పిల్లలు ఎనిమిది తెరల ముందు కూర్చుని ప్రోగ్రాం రాసి, కొత్త ప్రింటరు మీద అచ్చు తీసి చూపాలి. గుర్తింపు రాకపోతే సెంటర్ మూతపడుతుంది, సేటు మళ్లీ అన్న పక్కన తక్కెడ పట్టుకోవాలి.

కొత్త ప్రింటరు నడవాలంటే యంత్రాన్ని లేపే ప్రోగ్రాం కూడా కొత్తది కావాలి. అది ఒక ఫ్లాపీలో బస్సు మీద వచ్చింది. పెట్టబోతే అరలో చోటు లేదు. ట్రంక్ కాల్ చేస్తే కంపెనీ మనిషి విడమరిచి చెప్పాడు: పాతవన్నీ తుడిచేయండి, ఇప్పుడు నడుస్తున్నదాన్ని మాత్రం ముట్టకండి.

"ఇన్నరు గదా సేటూ, ముందుగాల 'నాయిన'ను తుడువుండ్రి," అన్నాను.

"నాయినను తుడువుమంటవా సారూ? నోరెట్లొచ్చింది నీకు?"

"అది నాయిన గాదు, ప్రోగ్రాం."

"నాయిన చెయ్యి వడ్డది దానిమీద. ఉగాదిది శుభం. ఇంకోటి అన్నం పెట్టి ఏయించుకున్నది. నువ్వు ఫికర్ చెయ్యకు, నేను జూస్త."

చూశాడు! నన్ను బయటికి పంపి, తలుపేసుకుని, ఎవరి జ్ఞాపకమూ అంటని కాపీ ఏదా అని వెతికాడు. అలాంటిది ఒక్కటే ఉంది, అప్పుడు నడుస్తున్నది. దాన్ని తుడిచేసి ఆ చోట్లో కొత్తదాన్ని పెట్టబోయాడు. కొత్తది పెద్దది, ముప్పాతిక వెళ్లి ఆగింది. చోటు లేదని యంత్రం తెర మీద ఇంగ్లిషులో మొత్తుకుంది. సేటు బటన్ మీద బటన్ నొక్కితే ఆ మాట పైకి జరిగి మాయమైంది. మాట పోయింది కాబట్టి బాధ కూడా పోయిందనుకున్నాడు.

"నడుస్తాందా లేదా?" అని తలుపు తీసి, చేసిన ఘనకార్యమంతా వివరంగా చెప్పాడు.

నడుస్తూనే ఉంది. అటకెక్కి కూర్చున్నవాడు నిచ్చెన తీసేయగానే కింద పడడు కదా, దిగేటప్పుడు తెలుస్తుంది. నాకు ఒళ్లు మండింది.

"పాస్‌వర్డు ఇయ్యుండ్రి సేటూ, ఇప్పుడే సదురుత."

"పండుగ అయినంక జూద్దాం."

"అయితే అప్పటిదాక మిషిన్ బంద్ చెయ్యకుండ్రి. కరెంటు పోతే బ్యాటరీ ఉంది. మీ చేతులతోని మాత్రం బంద్ చెయ్యకుండ్రి."

"నాకేం పిచ్చా?" అన్నాడు. నేను పండుగకు పాలకుర్తి వెళ్లాను.

దసరా నాడు వాళ్ల దుకాణంలో తక్కెడను దించి, కడిగి పూజ చేస్తారు. ఆ రోజు పనిముట్టుకు విశ్రాంతి, దానితో పని చేయిస్తే పాపం. పాణి సేటు తక్కెడను వదిలాడు గానీ తక్కెడ బుద్ధిని వదల్లేదు. నడుస్తున్న యంత్రానికి పూజ ఏమిటని స్విచ్చి కట్టేశాడు. నిమ్మకాయ పెట్టి, ఎనిమిది తెరలకూ వరసగా బొట్లు పెట్టి, జమ్మి ఆకు ఉంచి దండం పెట్టాడు. అక్కడితో ఆగితే పాణి సేటు ఎందుకవుతాడు? ఫ్లాపీకి కూడా తడి కుంకుమ పెట్టాడు, సరిగ్గా రాత ఉండే లోపలి రేకు కనిపించే సందులో. దాని నుదురు అదే అనుకున్నాడు కాబోలు.

సోమవారం పొద్దున స్విచ్చి వేస్తే యంత్రం లేవలేదు. తనను లేపే ప్రోగ్రాం సగంలో తెగి ఉందంది. నేను అడక్కుండానే సేటు పాస్‌వర్డు చెప్పాడు. ఇప్పుడెందుకది? కొత్తది ఎక్కిద్దామంటే ఫ్లాపీ ఎర్రగా నవ్వుతోంది. పరీక్షాధికారి మెట్లెక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. మిగతా రెండు కాపీలకు ఏ పేర్లు పెట్టాడో ఆ కంగారులో సేటుకే గుర్తు రాలేదు. గత్యంతరం లేక 'నాయిన' అని కొట్టాను. యంత్రం లేచింది.

"జూసినవా సారూ! నాయినే నిలవెట్టిండు!" అని సేటు పరీక్షాధికారి ముందే ఎగిరాడు.

ముసలాయన స్విచ్చి వేసిన రోజున మాకున్న తెర ఒక్కటే. ఆ కాపీకి రెండో తెర ఉందనే తెలియదు, ఇక ప్రింటరు సంగతి చెప్పాలా? ఏడు తెరలు బొట్లు పెట్టుకుని నల్లగా కూర్చున్నాయి. వెలిగిన ఒక్క తెర ముందు ఒక్క కుర్చీ, దాని వెనక ఎనిమిది మంది పిల్లలు.

"నిలవెట్టిండు సార్, మమ్ముల్నే," అంది శారద. మరిపెడ నుంచి వచ్చి, గది తీసుకుని చదువుతున్న పిల్ల.

పరీక్షాధికారి కుంకుమ ఫ్లాపీని రెండు వేళ్లతో ఎత్తి చూసి, కింద పెట్టి వెళ్లిపోయాడు. గుర్తింపు రాలేదు, సెంటర్ మూతపడింది. పిల్లలు వేరే ఊళ్లకు పోయి మళ్లీ మొదటి నుంచి చదువుకున్నారు. అన్నీ దాచే సేటు వాళ్ల ఏడాదిని ఏ అరలో దాచాడో ఎవరూ అడగలేదు.

మొన్న చెంబు కొందామని స్టేషన్ రోడ్డుకు వెళ్లాను. యంత్రం అటక మీద, గొడుగు కర్ర పక్కన, ఈ దసరా బొట్టుతో ఉంది. నన్ను చూసి సేటు సిగ్గు లేకుండా పైకి చూపించాడు.

"లోపట నాయిన అట్లనే ఉన్నడు సారూ. కరెంటు పెడితే ఇప్పుడన్న లేస్తది."

"పాణీ, ముచ్చట్లు బంద్ చేసి సారుకు చెంబు తూచు," అన్నాడు గల్లా మీద నుంచి వెంకట్రాజం.

పాణి సేటు తక్కెడ పట్టుకుని తూచాడు. వెంకట్రాజం ఆ చెంబును అందుకుని, నా ముందే మళ్లీ తూచాడు.