సముద్రం చూడనోళ్ల ఐదు చుక్కలు

ఫోన్లో జనం రాసే రివ్యూలను, ఆ కింద కొట్టే చుక్కలను నేను ఏనాడూ నమ్మలేదు. పెళ్లిలో కట్నాలు చదివించడం లాంటిదే ఇదీ. నువ్వు మా ఇంటి పెళ్లికి ఎంత చదివిస్తే మీ ఇంటి పెళ్లికి నేనూ అంతే చదివిస్తాను. పెళ్లికొడుకు బుద్ధిమంతుడా, తాగుబోతా అని కట్నాలు రాసే బల్ల దగ్గర ఎవరూ అడగరు. మా నేత కుటుంబాలన్నిటికీ కలిపి ఒక ఫోన్ గ్రూపు ఉంది. దానికి మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న, పెద్దమనిషి. ఒకరి కోడలు బ్యూటీ పార్లర్ తెరిచినా, ఇంకొకరి అల్లుడు టిఫిన్ సెంటర్ పెట్టినా గ్రూపులో లింకు పడుతుంది, పొద్దుగూకేలోపు అందరూ ఐదేసి చుక్కలు కొట్టేస్తారు. ఆ పార్లర్ గురించి బట్టతల మామలు కూడా "జుట్టు పట్టులా అయింది" అని రాశారు. నేను ఒక్కసారీ కొట్టలేదు. అందుకు నన్ను పొగరుబోతు అంటారు. అననీ.

మా పెద్దమ్మ కొడుకు, అంటే మాకు అన్న వరస, నార్కట్‌పల్లి చౌరస్తాలో ట్రావెల్స్ ఆఫీసు పెట్టాడు. అంతకుముందు ప్లాట్లు అమ్మాడు, దానికి ముందు ఇన్వర్టర్లు. తిరుపతి, షిరిడీ టికెట్లతో మొదలుపెట్టి, ఎవరో దోస్తు చెప్పాడని అండమాన్ సముద్రంలో జనాన్ని దించే వాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. వీపుకు సిలిండర్ కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, అడుగుకు పోయి చేపలు చూసి రావాలి. మా అన్న జన్మలో ఒకసారి నీళ్లలో తల ముంచాడు, అదీ పుష్కరాలప్పుడు, ముక్కు మూసుకుని. ఫ్లోరైడ్ నీళ్లకు పళ్లు గారపట్టిన జిల్లాలో కూర్చుని సముద్రం అమ్మడం ఆయనకే చెల్లింది.

గ్రూపులో లింకు పెట్టి ఇలా అన్నాడు: "మనోళ్లందరు జర ఐదు చుక్కలు కొట్టుండ్రి. రెండు ముక్కలు రాస్తె ఇంకా మంచిది."

కొట్టారు. రాశారు కూడా.

మా చెల్లె నల్లగొండలో పట్టుచీరలకు డిజైన్లు గీస్తుంది. గళ్ల కాగితం మీద రోజంతా రంగులు నింపే మనిషి. చేపల రంగులను నీళ్లలోనే, ప్రాణంతో ఉండగా చూడాలని ఆమెకు ఎన్నో ఏళ్ల కోరిక. ఈత వచ్చు, నడుముకు బెండ్లు కట్టుకుని వ్యవసాయ బావిలో నేర్చుకుంది. లేనిదల్లా ఊపిరే. చిన్నప్పటి నుంచి ఆయాసం. చలి ముదిరితే మంచం మీద కూర్చునే నిద్రపోతుంది. నోట్లో కొట్టుకునే పంపు లేనిదే గడప దాటదు. ఈ సంగతి మా చుట్టాల్లో తెలియనివాళ్లు లేరు.

అందుకే ఆమె అన్నను ముందే అడిగింది, ఆయాసమున్నోళ్లు దిగొచ్చా అని.

"నేను చెప్తె అమ్ముకునేటోడు చెప్పిండంటవ్," అన్నాడట ఆయన. "గా రివ్యూలు చదువుకో చెల్లె. పోయొచ్చినోళ్లు అన్ని రాసిన్రు."

కొన్నాళ్లకు నేను ఉద్యోగం చేసే మహబూబ్‌నగర్‌కు ఫోన్ చేసింది. గొంతు నిండా సంతోషం. "అక్కా, ఆయాసమున్న ఒకామె దిగొచ్చిందట. ఏం కాలేదట. కాయితాలు గూడ అడగరట. నేను పోత."

"మంది మాటలు పట్టుకొని మారుమనువు పోతే, మళ్లొచ్చేసరికి ఇల్లు గుల్లయిందట," అన్నాను.

"నీకు ఎవరేం రాసినా అబద్ధమే," అని ఫోన్ పెట్టేసింది.

అప్పుడు కూర్చుని ఆ రివ్యూలన్నీ చదివాను. ఒక్కొక్కటి చదువుతుంటే రోత పుట్టింది. బావి అడుగు నుంచి మన్ను తెచ్చి చూపించిన ఏ పిల్లవాడిని అడిగినా చెబుతాడు, లోపలికి పోతుంటే చెవులు పోట్లు పెడతాయని. సముద్రంలో దిగిన ఈ మహానుభావుల్లో ఒక్కరికీ చెవి నొప్పి రాలేదు. పడవలో ఎవరికీ కడుపులో తిప్పలేదు. ఎవరి కళ్లద్దాల్లోకీ నీళ్లు రాలేదు. తమను పట్టుకుని దించిన మనిషి ఎలాంటివాడో ఎవరూ రాయలేదు. రాసిందంతా భోజనం బాగుంది, స్టాఫ్ మర్యాదస్తులు, లోపల ఏసీలా చల్లగా ఉంది. అబద్ధం చెప్పడానికి కూడా కాస్త కష్టపడాలి కదా, ఆ కష్టం కూడా పడలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

ఆ మధ్యలో చెల్లె చెప్పిన రివ్యూ కనిపించింది. "నాకు చాలా ఏళ్లుగా ఆయాసం. అయినా దిగాను. ఏమీ అడగలేదు, ఏ కాగితమూ చూడలేదు. ఇంట్లో కంటే అక్కడే ఊపిరి బాగా ఆడింది." ఐదు చుక్కలు. పేరుండాల్సిన చోట ఏవో రెండు ఇంగ్లీషు అక్షరాలు, బొమ్మకు బదులు మంచు చుక్కలున్న ఎర్ర గులాబీ. ఈమె ఇంకా ఏమేం మెచ్చుకుందో చూద్దామని నొక్కాను. బ్యూటీ పార్లర్, టిఫిన్ సెంటర్, కొత్తకోటలో టైర్ల దుకాణం. అన్నీ మావాళ్లవే. ఆ గులాబీ రోజూ పొద్దున శుభోదయం అంటూ నా ఫోన్లోకి వచ్చేదే. అది మా చిన్నమ్మది.

చిన్నమ్మ చీరల నూలును మేకుల చుట్టూ తిప్పి తిప్పి ఆసు పోసే మనిషి. భుజం నొప్పి ఉంది, ఆయాసం లేదు. సముద్రాన్ని ఆమె టీవీలో తప్ప చూడలేదు. ఫోన్ చేశాను.

"చిన్నమ్మా, నీకు ఆయాసం ఎప్పటి సంది?"

"నాకెందుకుంటది బిడ్డా," అని నవ్వింది. "మీ అన్న ఫోన్ చేసిండు. ఎవరో ఆయాసం గురించి అడిగిన్రట, జర గట్ల రాస్తె ధైర్యంగ పోతరన్నడు. ఆయన చెప్పిందే రాసిన."

"ఎవరడిగిన్రో చెప్పిండా?"

"లేదు. ఎవరు?"

చెప్పాను. చెల్లె చిన్నప్పుడు ఆయాసం వచ్చిన ప్రతిసారీ ఒళ్లో వేసుకుని ఛాతీకి కర్పూరం నూనె రాసింది ఆమే. అటు నుంచి ఏడుపు వినిపించింది.

చెల్లె అన్నను అడిగిన మర్నాడే ఆ రివ్యూ పడింది. అంటే అది లోకం కోసం రాయించింది కాదు, ఒక్క మనిషి చదవాలని రాయించింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఈనాటికీ ఆ మంట చల్లారలేదు.

చెల్లె నా మాట నమ్మలేదు, చిన్నమ్మ నోట విన్నాక నమ్మింది. అప్పుడు అలాగే సముద్రంలో దించే ఇంకొకళ్ల రివ్యూ ఒకటి చూపించాను. ఎవరో పెద్దమనిషి ఒక్కటే చుక్క కొట్టి తిట్టిపోశాడు. "ఇంత దూరం వస్తే, ఆయాసం ఉందని చెప్పిన పాపానికి డాక్టర్ కాగితం తెమ్మని పడవ ఎక్కనివ్వలేదు. దయలేని మనుషులు." మొత్తం గాలించాక నేను నమ్మింది ఆ దయలేని మనుషులనే. చెల్లె వాళ్లను ఫోన్లో అడిగింది. వాళ్లు ఆమెకూ అదే చెప్పారు. దవాఖానలో ఛాతీ డాక్టరు పరీక్షలు చేసి వద్దన్నాడు. పైకి వచ్చేటప్పుడు ఛాతీ బిగుసుకుంటే లోపలి గాలి బయటపడే దారి లేక ఊపిరితిత్తి చిరుగుతుందన్నాడు. బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుని చెల్లె ఏడ్చింది. చావు తప్పిందని కాదు, ఆ రంగులు ఇక చూడలేనని.

ఇంటికి వచ్చి అన్న లింకు కింద ఒక్క చుక్క కొట్టింది. "నేను పోలేదు. ఆయాసం గురించి రాసినామె కూడా పోలేదు. ఆమెకు ఆయాసం లేదు. ఉన్నది నాకు" అని రాసింది.

గ్రూపు భగ్గుమంది. అబద్ధం ఎందుకు రాయించావని అన్నను అడిగినవాడు ఒక్కడూ లేడు. మనోళ్ల మీద మనమే ఒక్క చుక్క కొడతామా అన్నదే అందరి బాధ. "ఇప్పుడేమైంది? పోలేదు గద," అని రాశాడు అన్న. ఆ ముక్కకు బొటనవేళ్లు ఎత్తినవాళ్లు కూడా ఉన్నారు. మనుషులంటే ఇంత చులకన నాకు ముందు లేదు.

ఆ సాయంత్రం నేను చెల్లె దగ్గరే ఉన్నాను. పెద్దబాపు ఫోన్ చేశాడు. నాకూ వినపడేలా పెట్టింది.

"బిడ్డా, అన్న కడుపు మీద కొట్టకు. గంతమంది మంచిగ రాసిన్రు. చెడ్డగ రాసింది నువ్వొక్కదానివే. తీసెయ్."

చెల్లె దగ్గు ఆపుకుని నెమ్మదిగా అంది. "నీళ్లల్ల ఊపిరాడక పోయినోళ్లు ఒడ్డుకొచ్చి రాయరు గద పెద్దబాపూ. ఆళ్లు గూడ రాయగలిగితే లెక్క తెలుస్తుండె."